మాధవీలత మూడు వేళ్ళు

మాధవీలత కుడిచేతికి మూడు వేళ్ళు వంగవు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. మిగతా ఏడు వేళ్ళతో ఆవిడ కీబోర్డు కొట్టే వేగం చూసి మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు నోరెళ్ళబెడతారు. కాసేపయ్యాక ఎవరో ఒకరు చెయ్యికేమైందని అడుగుతారు. "బరువు పడిందండీ" అంటుందావిడ. పచ్చి అబద్ధం. బరువు దానంతటది పడలేదు. ఒక మనిషి ఎత్తి కొట్టాడు, మూడుసార్లు, నా కళ్ళ ముందే, నా కాటా దగ్గరున్న రెండు కిలోల ఇనప రాయితో.

నా పేరు అనిల్ కుమార్. గుంటూరు దాటాక ప్రత్తిపాడు రోడ్డులో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తాని. స్టోరేజీ పేరు రాస్తే మా ఓనరు ఊరుకోడు కాబట్టి రాయను. మాధవీలతని మాత్రం అడిగే రాస్తున్నాను. "రాసుకోండి, కానీ నన్ను దేవతను చెయ్యొద్దు" అంది. చెయ్యను. దేవతలకి ఎముకలు విరగవు.

ఆవిడది మంగళగిరి. తండ్రి పానకాలు మగ్గం నేసేవాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే దాని చివర పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి. వేల పోగులు. ఎనిమిదో ఏట నుంచీ ఆ పని ఈవిడ వేళ్ళదే. తర్వాత కంప్యూటర్ల డిగ్రీ చదివి, రెండు చోట్ల ఉద్యోగం చేసి, మా దగ్గర ఆపరేటరుగా చేరింది. ఆపరేటరు అన్నది జీతం కోసం పెట్టిన పేరు. రైతులు మా దగ్గర పెట్టిన సరుకు లాట్లన్నిటినీ లోపలికీ బయటికీ నడిపించే ప్రోగ్రాం రాసింది ఆవిడే.

మా స్టోరేజీలో ఒక పద్ధతుంది. గోనెసంచుల్లో తొక్కి కుట్టిన మిర్చిని మేం టిక్కీలంటాం. రైతు తన టిక్కీలు చాంబర్లో పెట్టేటప్పుడు ఒక మాట చెప్పాలి. తీసుకెళ్ళేటప్పుడు మళ్ళీ అదే మాట చెప్పాలి. మాట కలిస్తేనే గేటు పాసు. మా ఓనరు తండ్రి హయాంలో రైతులు ఆయన చెవిలో చెప్పేవాళ్ళట, ఆయన గుర్తుపెట్టుకునేవాడట. కంప్యూటరొచ్చాక మాటని టైపు చేస్తున్నాం. అక్షరాలు వచ్చినవాడు తనే కొడతాడు. రానివాడు కౌంటరు మీదుగా వంగి మాధవీలత చెవిలో చెబుతాడు. ఎద్దు పేరు చెప్పేవాళ్ళున్నారు, పోయిన కూతురి పేరు చెప్పేవాళ్ళున్నారు. ఆవిడ నవ్వదు, ఏడవదు, కొడుతుంది అంతే.

అయితే ఆ రోజుల్లో కొట్టిన మాట నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో బయటికి కనబడేది. సంవత్సరాలుగా అలాగే ఉంది. అదొక తప్పని మాకెవరికీ తట్టలేదు.

రెండువేల ఇరవై రెండు మార్చిలో వినుకొండ పక్క పల్లె నుంచి బుల్లయ్య వచ్చాడు. మూడెకరాల కౌలు పంట, నూట ముప్పై టిక్కీలు. టిక్కీలు తెచ్చిన లారీ అదే ఊరి ప్రభుది. ఊళ్ళో అందరి సరుకూ వాడే తోలతాడు, అందరి రసీదులూ వాడి దగ్గరే ఉంటాయి. అది ఆ ఊరి అలవాటు, మనం తప్పు పట్టడానికి లేదు. మాధవీలత మాట అడిగింది. బుల్లయ్య అటూ ఇటూ చూసి, వంగి, ఆవిడ చెవిలో చెప్పాడు. ఆయన భార్య పేరు. ముప్పై ఏళ్ళ కాపురంలో "ఇదిగో" అనే తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగడు. అలాంటి మనిషి, ఎవరికీ తెలియదు కదా అని ఆ పేరు చెప్పాడు. తెర మీద ఒక్కొక్క అక్షరమే పడింది. వెనకాల రసీదుల కట్ట పట్టుకుని ప్రభు నిలబడి ఉన్నాడు.

జూన్లో ప్రభు రసీదు తెచ్చాడు. ఆ రోజు మాధవీలత సెలవు. కౌంటర్లో కూర్చున్నది నేను. బుల్లయ్య పంపాడన్నాడు, మాట చెప్పాడు, కలిసింది. గేటు పాసు నేనే ఇచ్చాను. ఈ కథలో నా వంతు పాపం ఇక్కడ మొదలైంది. ఇంకా ఉంది.

వారం తర్వాత బుల్లయ్య వచ్చి, తన లాటున్న చోట ఖాళీ చెక్కలు చూశాడు. బయటికొచ్చేసరికి యార్డులో ప్రభు ఇంకెవరివో టిక్కీలు దించుతున్నాడు.

"ఒరేయ్ ప్రభూ, నా టిక్కీలు ఏవిరా?"

"నీ మాట చెప్పే తీసుకెళ్ళా. నువ్వు నాకు బాకీ పడ్డదానికి సరిపోయింది."

"నేను నీకేం పడ్డానురా? ఆ మాట నీకెవడు చెప్పాడు?"

ప్రభు నవ్వాడు. యార్డు నిండా టిక్కీలు మోసే ముఠావాళ్ళు, లారీ వాళ్ళు, రైతులు. అందరికీ వినబడేలా, కోడిపుంజుని పిలిచినట్టు, "వెంకటేశ్వరమ్మా, ఓ వెంకటేశ్వరమ్మా" అని రెండుసార్లు అరిచాడు. "నీ పెళ్ళాం పేరు పెడితే తలుపు తెరుచుకుందిరా" అన్నాడు.

సరుకు పోయినందుకు బుల్లయ్య కొట్టేవాడు కాదేమో. ఆ పిలుపుకి కొట్టాడు. ఎడాపెడా రెండు చెంపలూ వాయించి, మెడ పట్టుకుని లారీకేసి గుద్దాడు. ప్రభు చెయ్యి తడుముకుంటూ పోయి టిక్కీకి దిగబడి ఉన్న ముఠావాళ్ళ ఇనప కొక్కేన్ని పీకింది. నేను చూస్తూనే ఉన్నాను. కొక్కెం బుల్లయ్య ఎడమ కంట్లో దిగింది. దిగినచోట ఆగలేదు, ప్రభు దాన్ని లాగాడు. ఆ కొక్కేనికి రోజంతా గుచ్చిన మిరపకారం పట్టి ఉంది. బుల్లయ్య పెట్టిన కేక లోపల చాంబర్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడిందట. మనిషి నేల మీద పడి, రెండు చేతులతో మొహం పట్టుకుని, యార్డులో ఎండబెట్టిన, రంగు పోయిన తాలు మిరపకాయల్లో దొర్లుతున్నాడు. కళ్ళూ నెత్తురూ కారమూ అన్నీ ఒకటే ఎరుపు. ప్రభు రెండోసారి కొక్కెం ఎత్తితే ముఠావాళ్ళు వాణ్ణి పడేసి తొక్కారు.

నేను కాటా వెనక నుంచి కదల్లేదు. మాధవీలత పరుగెత్తుకెళ్ళి, ఆ తాలు కాయల్లో మోకాళ్ళ మీద కూర్చుని, తన చున్నీ తడిపి ఆ కంటిగుంత మీద అదిమి పట్టుకుంది. అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉంది. కన్ను పోయింది. ప్రభుని తీసుకెళ్ళారు. మూడు నెలలకి బెయిలు మీద వచ్చి మళ్ళీ లారీ తోలుకున్నాడు.

ఆ సాయంత్రం చేతులు ఎంత కడుక్కున్నా మంట పోలేదావిడకి. ఆ చేతులతోనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"తప్పు నాది, అనిల్ గారూ."

"వాడు దొంగ. నువ్వేం చేస్తావు మాధవీ?"

"వాడు చూశాడు. చూపించింది నేను కదా."

ఇక ఆ పని పట్టుకుంది. ఒక మాటని తెర మీద పడకుండా దాచడం ఎంతసేపు పని అనుకున్నాను నేను. మాకు మూడు రకాల యంత్రాలున్నాయి. కౌంటర్లో విండోసు. గేటు దగ్గర పాత డబ్బా, దాంట్లో లినక్సు. ఓనరు గదిలో ఆపిలు. ఆవిడ రాసే ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, మూడింట్లోనూ ఒకటే నడవాలి. లినక్సులో అయితే, కొట్టిన అక్షరం తిరిగి తెర మీద వెయ్యొద్దని యంత్రానికి ముందే చెప్పాలి. పని కాగానే ఇక వెయ్యమని మళ్ళీ చెప్పాలి. ఆపిలుకీ దాదాపు అదే దారి. విండోసుకి ఆ దారి లేదు, అక్కడ ఒక్కొక్క అక్షరాన్నీ తెరకి తెలియకుండా కీబోర్డు నుంచే తీసుకోవాలి. ఆవిడ వాడే పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఈ రెండూ చేసిపెట్టే ఏర్పాటు ఒకటుందట. దాంతో ఆవిడకి ఒకటే పేచీ. దాచడం కుదరని చోట అది ఒక హెచ్చరిక పడేసి, మాటని బయటికే చూపించేస్తుంది. "కుదరకపోతే ఆగిపోవాలి గానీ చూపించడమేంటి?" అని దాని మీద కోపం తెచ్చుకుని, అలాంటి చోట ప్రోగ్రాం అసలు నడవకుండా రాసింది.

మొదటి రోజుల్లో ఒక తమాషా జరిగింది. గేటు దగ్గరి లినక్సులో స్క్రిప్టు సగంలో ఉండగా నేను ఆపేశాను. మళ్ళీ వెయ్యమని చెప్పే ఘడియ రాకుండానే పోయింది కాబట్టి, తెర మూగబోయింది. ఏం కొట్టినా కనబడదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని పిడికిలితో నాలుగు గుద్దులు గుద్దాను. మాధవీలత వచ్చి, కనబడని తెర మీదే ఏదో కొట్టి దాన్ని దారికి తెచ్చింది.

"కనపడకపోతే మాత్రం గుద్దుతారా? మీరు కొట్టిందంతా లోపలికి వెళ్తూనే ఉంది" అంది.

"నక్షత్రాలైనా పెట్టొచ్చుగా. అక్షరానికో చుక్క. పడిందో లేదో మనిషికి తెలియాలిగా."

"చుక్కలు లెక్కబెడితే మాటెంత పొడుగో తెలుస్తుంది. వద్దు. ఏమీ కనపడకూడదు."

సగంలో ఆపినా తెర మళ్ళీ మామూలయ్యేలా సరిచేసింది. మూడుసార్లు తప్పు మాట కొడితే లాటు మూసుకుపోయేలా, ఆ తర్వాత రైతు స్వయంగా వస్తే తప్ప తెరుచుకోకుండా ఇంకొకటి చేర్చింది. రైతులకి ఓపిగ్గా చెప్పేది, ఏమీ కనపడదు, భయపడకుండా కొట్టండి అని.

మరుసటి ఏడు బుల్లయ్య మళ్ళీ వచ్చాడు. ఎడమ కంటికి నల్ల గుడ్డ. ఈసారి నూట నలభై టిక్కీలు, వేరే లారీలో, రసీదు తన జేబులోనే. మాధవీలత దగ్గరికొచ్చి వంగి మాట చెప్పాడు. ఆవిడ కొట్టింది. తెర నల్లగా ఉండిపోయింది. బుల్లయ్య ఉన్న ఒక్క కంటితో దాన్ని చాలాసేపు చూశాడు.

"ఈసారి కూడా పోతే పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉందమ్మాయ్" అన్నాడు, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

"పోదు బాబాయ్" అంది మాధవీలత.

మే నెలలో ఒక మధ్యాహ్నం, ముఠావాళ్ళు అన్నాలకని రోడ్డవతలి షెడ్డుకి వెళ్ళినప్పుడు, ప్రభు వచ్చాడు. లారీ యార్డులో పెట్టి, ఇద్దరు మనుషులతో కౌంటరూ నా కాటా ఉన్న గదిలోకి వచ్చాడు. ఒకడు తలుపు గడియ వేశాడు. ఇంకొకడు వేటకొడవలి నా మెడ కింద ఆనించి నన్ను గోడకి నిలబెట్టాడు. కేసులో బుల్లయ్య రాజీకి రావట్లేదు. ఈ ఏడు పంట కూడా లేపేస్తే కాళ్ళ దగ్గరికొస్తాడని ప్రభు లెక్క. కాళ్ళ దగ్గరికి రాడు, పురుగుమందు డబ్బా దగ్గరికి పోతాడు. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది నాకూ, మాధవీలతకీ.

"బుల్లయ్య లాటు తియ్యి. పాసు కొట్టు" అన్నాడు ప్రభు.

"రైతు లేకుండా కుదరదండి."

చెంప మీద కొట్టాడు. కుర్చీతో సహా పడిపోయింది. జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ కూర్చోబెట్టాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. "మాట నీకు తెలుసు. వాడికి అక్షరమ్ముక్క రాదు. నీ చెవిలోనే చెప్పుంటాడు. కొట్టు."

నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆవిడ లాటు నంబరు కొట్టింది, అది కనబడింది. మాట అడిగింది ప్రోగ్రాం. ఆవిడ వేళ్ళు కదిలాయి. ప్రభు తెరలో మొహం పెట్టి చూస్తున్నాడు. ఏమీ లేదు. నల్లగా ఉంది.

"ఏదీ? ఏదే?"

"కొట్టానండి. కనపడదు. అది అంతే."

"నాతో ఆటలా? పోయినేడాది కనపడలేదా?"

నా కాటా పక్కనున్న రాయి తీసుకుని, కీబోర్డు మీదున్న ఆవిడ కుడిచేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు చెరుకు విరిచినట్టే ఉంటుంది, నేను విన్నాను. కీబోర్డు మీటలు రెండు ఎగిరి నేల మీద పడ్డాయి. ఆవిడ అరవలేదు, ఊపిరి అందక నోరు తెరుచుకునే ఉంది. ప్రభు తనే బొటనవేలితో ఎంటరు నొక్కాడు. తప్పు మాట, ఇంకా రెండు అవకాశాలున్నాయి అని పడింది తెర మీద.

"తప్పు కొడతావా?"

"ఎడం చేత్తో కొడతాను" అంది. గొంతు మారిపోయింది. కొట్టింది. తప్పు. వాడు విరిగిన చేతినే లాగి బల్ల మీద పరిచి, నడిమి వేలు ఏరి మరీ కొట్టాడు. గోరు ఊడి వచ్చింది. ఆవిడ బల్ల మీదే కక్కుకుంది. మూడోసారి వాడు చెప్పకుండానే ఎడం చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. ప్రభుని చూస్తూ కొట్టింది, మీటల వైపు గానీ తెర వైపు గానీ చూడలేదు. ఎంటరు కూడా తనే నొక్కింది.

లాటు మూసివేయబడినది, రైతు స్వయంగా రావలెను, అని వచ్చింది.

మూడో వేలు ఆ తర్వాత విరిగింది. దాంతో వాడికి వచ్చే లాభం ఏమీ లేదు. ఊరికే విరిచాడు.

తలుపు బద్దలైంది. యార్డులో ప్రభు లారీ చూసి ముఠావాళ్ళు వచ్చారు. నా మెడ మీది కొడవలి వెళ్ళిపోయింది, ఆ ఇద్దరూ కిటికీలోంచి దూకి పారిపోయారు. ప్రభు దొరికాడు. వాణ్ణి నలుగురు పట్టుకున్నాక నాకు కాళ్ళొచ్చాయి. నెత్తురుతో ఉన్న ఆ రాయే తీసుకుని వాడి మోకాలి చిప్ప మీద కొట్టాను. పగిలిందని తెలిసీ ఇంకోటి కొట్టాను. నలుగురు పట్టుకున్నవాణ్ణి కొట్టడం మగతనం కాదని నాకు తెలుసు. కానీ పశ్చాత్తాపం ఉందా అంటే, లేదు. కొడవలి ఉన్నప్పుడు నోరెత్తనందుకు మాత్రం ఉంది. ప్రభు ఇప్పుడు జైల్లో కుంటుతున్నాడు.

జూలైలో బుల్లయ్య లాటు తీసుకోవడానికి వచ్చాడు. మాధవీలత కట్టు విప్పి అప్పటికి వారం. వస్తూనే కౌంటరు మీదుగా వంగి ఆ చేతికి దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకు పెట్టకు బాబాయ్. మొదటిసారి నీ మాట సరిగ్గానే కొట్టాను."

బుల్లయ్యకి అర్థం కాలేదు. నాకైతే చెవులు పనిచేస్తున్నాయా అనిపించింది.

"భయమేసి ఇచ్చేశాను. ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాను. ఇక ఎంటరు నొక్కడమే. తెర మీద కనపడలేదని వాడు రాయేశాడు. ఆ దెబ్బకి చేతి కింద మీటలన్నీ నొక్కుకుపోయి, నీ మాట వెనకాల ఏవో పిచ్చి అక్షరాలు పడ్డాయి. అవీ కనపడలేదు. వాడే ఎంటరు నొక్కుకున్నాడు. నీ టిక్కీలు నేను కాపాడలేదు, వాడే కాపాడాడు."

బుల్లయ్య ఆ వంగని వేళ్ళ వైపు చూశాడు.

"మరి రెండోసారి?"

"రెండోసారి ఇవ్వబుద్ధి కాలేదు."

"మూడోసారి?"

"మూడోసారి భయం లేదు బాబాయ్. కోపమొచ్చింది."

యార్డులో ఎవరో టిక్కీలు లెక్క చెబుతున్నారు. ముసలాయన కంటి గుడ్డ సర్దుకున్నాడు. మాధవీలత కీబోర్డుని ఆయన వైపు తిప్పింది. మూసిన లాటు తెరవాలంటే రైతు కొత్త మాట పెట్టాలి. "ఈసారి నాకు చెప్పొద్దు. అక్షరాలు నేను చూపిస్తాను, నువ్వే ఒక్కొక్కటీ కొట్టు. నా దగ్గరుంటే మళ్ళీ ఎవడైనా కొడితే ఇచ్చేస్తానేమో" అంది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బుల్లయ్య కీబోర్డుని మళ్ళీ ఆవిడ వైపే తోశాడు. వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆవిడ చెవిలో మాట చెప్పాడు. మాధవీలత తల ఊపి, కళ్ళు తుడుచుకుని, కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఏమీ పడలేదు. కానీ ఏడు వేళ్ళతో మెల్లగా కొడుతోంది కదా, వేళ్ళు చూస్తే తెలిసిపోతుందేమోనని నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.